గుంటూరులో ఉంటూ లోన్ లేకుండా అమ్మాయిని బీటెక్ చదివించగలమా?

చదివించగలరండి. ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి: సీటు ఈఏపీసెట్ (రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్‌లో, కన్వీనర్ కోటాలోనే, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం కేటాయించే సీట్లలోనే తీసుకోండి. కాలేజీ సొంతంగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ (అర్హులైన పిల్లల ఫీజు ప్రభుత్వం కట్టే పథకం) రాదు. చాలామంది పేరున్న కాలేజీ అని అక్కడే అప్పులో పడుతున్నారు, చూస్తే బాధేస్తుంది. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే కాలేజీ మిమ్మల్ని అడగొచ్చు, కొంత చేతిలో ఉంచుకోండి.

ఆడపిల్ల కాబట్టి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) వారి ప్రగతి స్కాలర్‌షిప్‌కు తప్పకుండా అప్లై చేయించండి. ఎంపికైతే ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉండాలి. మొదటి ఏడాదిలోనే, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీయించుకోండి, చివర్లో టెన్షన్ ఉండదు.

పెద్ద ఖర్చు హాస్టల్‌ది. విజయవాడలో సీటొచ్చినా గుంటూరు నుంచి రోజూ వెళ్లి రావచ్చు, దూరం ముప్ఫై అయిదు కిలోమీటర్లే.

చిన్నమ్మాయి పదో తరగతిలో ఉంటే పాలిటెక్నిక్ కూడా ఆలోచించండి. అక్కడ డిప్లొమా అయ్యాక ఈసెట్ (డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష) రాసి సీటు తెచ్చుకుంటే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.