రోజంతా ఇన్‌స్టా చూసే అమ్మాయి ఆ పనే ఉద్యోగంగా చేయగలదా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం. డిగ్రీ అవగానే బ్యాంకు కోచింగ్‌లో చేరమని వాళ్ల నాన్నగారు అంటున్నారు. తనేమో "ఇప్పుడు ఎవరూ గూగుల్‌లో వెతకడం లేదమ్మా, అంతా ఇన్‌స్టాలోనే. నేను సోషల్ మీడియా, ఎస్‌ఈఓ నేర్చుకుంటా" అంటోంది. ఎస్‌ఈఓ అంటే గూగుల్‌లాంటి చోట వెతికేవాళ్లకు మనం పెట్టింది దొరికేలా చేసే పనట. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల కోర్సుకు నలభై ఐదు వేలు అడుగుతున్నారు. ఉద్యోగం గ్యారంటీ అట. ఇంట్లో రోజూ ఇదే గొడవ, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మాటలో సగం నిజం ఉంది. 2022లో గూగుల్ సీనియర్ వైస్ ప్రెసిడెంట్ ప్రభాకర్ రాఘవన్ ఒక వేదిక మీద తమ పరిశీలనలో తేలిన సంగతి చెప్పారు. మధ్యాహ్నం ఎక్కడ తినాలో చూసుకునేటప్పుడు కుర్రవాళ్లలో దాదాపు 40 శాతం గూగుల్ మ్యాప్స్‌కో, సెర్చ్‌కో వెళ్లడం లేదు, టిక్‌టాక్‌కో ఇన్‌స్టాగ్రామ్‌కో వెళుతున్నారు. అది అమెరికా లెక్క. మన దగ్గర 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధిస్తే, కొద్ది రోజులకే ఇన్‌స్టా రీల్స్, ఆ సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చేశాయి. అలవాటు మాత్రం ఇక్కడా అదే.

ఇక మిగతా సగం. పాడేరు దగ్గరి వంజంగి కొండ సంగతే చూడండి. చలికాలంలో మబ్బుల కోసం తెల్లవారక ముందే అక్కడికి జనం ఎక్కుతున్నారు. ఆ పేరు మన వైజాగ్ వాళ్లలో చాలామందికి ఎలా తెలిసింది? ఎవరో తీసిన వీడియో ఫోన్‌లో ఎదురైతేనే కదా. అంతకుముందు మనం దాని కోసం వెతకనేలేదు. కానీ వీడియో చూశాక "వంజంగి ఎంత దూరం", "కారు ఎంతవరకు వెళ్తుంది", "రాత్రి ఎక్కడ ఉండాలి" అని గూగుల్‌నే అడిగాం. వెళ్లాలన్న కోరిక రీల్‌తో పుట్టింది, వివరాల కోసం సెర్చ్‌కే వచ్చాం. ఈ రెంటినీ కలిపి చూడగలిగేవాళ్లకే ఇప్పుడు పని ఉంది. ఒక్క ఇన్‌స్టానే పట్టుకుంటే చాలదు.

పైగా ఈ రెంటి మధ్య గోడ కూడా పలచబడింది. 2025 జూలై నుంచి ఇన్‌స్టాలోని ప్రొఫెషనల్ అకౌంట్ల (షాపులు, వీడియోలు చేసేవాళ్లు పెట్టుకునేవి) పబ్లిక్ పోస్టులు గూగుల్ సెర్చ్‌లోనూ కనిపించే వీలు కలిగింది. దీని అర్థం ఏమిటో ఒక స్వీట్ షాపు ఉదాహరణతో చెబుతాను. మాడుగుల హల్వా వీడియో కింద "టేస్ట్ అదిరింది" అని రాస్తే, వెతికేవాళ్లకు అది దొరకదు. "గాజువాకలో మాడుగుల హల్వా, కిలో ఇంత, ఇన్ని రోజులు నిల్వ ఉంటుంది, ఊరికి పార్సిల్ పంపుతాం" అని రాస్తే, ఆ మాటలతో వెతికే మనిషికి దొరికే అవకాశం ఉంటుంది. కొనేవాడి మనసులో ఏ ప్రశ్న ఉందో ముందే పసిగట్టి, అతను వాడే మాటల్లోనే జవాబు పెట్టడం. ఎస్‌ఈఓ అంటే పెద్ద మంత్రమేమీ కాదమ్మా, మొదటి పాఠం ఇదే.

రెండో పాఠం అంకెలు. ఎక్కువమంది చూస్తే గెలిచినట్టేనని పిల్లలు అనుకుంటారు. యూట్యూబ్ 2012లోనే వ్యూస్ లెక్క పక్కన పెట్టి, జనం ఎంతసేపు చూశారన్న దానికి విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మోసేరి 2025 జనవరిలో ముఖ్యమైనవి మూడని చెప్పారు: ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ చేశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. మన ఫాలోవర్లు కాని కొత్తవాళ్లకు వీడియో చేరాలంటే, ఇలా పంపడమే ఎక్కువ ముఖ్యమట. కాబట్టి ఈ ఉద్యోగంలో కూర్చున్నవాళ్లు ఏ సెకనులో జనం వెళ్లిపోయారో గ్రాఫ్ చూసి తెలుసుకోవాలి. వెయ్యి మంది చూస్తే ఎంతమంది ఫోన్ చేశారు, అందులో ఎంతమంది కొన్నారు, ఒక్కో కస్టమర్‌కు ఎంత ఖర్చయింది అని రాసుకోవాలి. ఇక్కడ మీ అమ్మాయి బీకాం నిజంగా పనికొస్తుంది. వీడియోలు తీసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఖర్చు, రాబడి లెక్క కట్టి షాపు ఓనరుకు వివరించగలిగేవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు.

రోజంతా ఫోన్ చూస్తుంది కాబట్టి చేసేస్తుందని మాత్రం అనుకోకండి. రోజూ బస్సెక్కినంత మాత్రాన డ్రైవింగ్ రాదు.

భయపెట్టే సంగతి కూడా ఒకటి ఉంది, దాచను. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా గూగుల్ చాలా ప్రశ్నలకు ఏఐతో రాసిన జవాబు పైనే చూపిస్తోంది. కింది లింకులు నొక్కే అవసరం తగ్గింది. ఉత్త క్యాప్షన్లు, నాలుగు చోట్ల చూసి రాసిన ఆర్టికల్స్, పండగ పోస్టర్లు — వీటితోనే బతుకుదామంటే కష్టం. స్వయంగా వెళ్లి, చూసి, వాడి చెప్పినదానికి మాత్రం విలువ ఉంది. నాణ్యత కొలవడానికి గూగుల్ పెట్టుకున్న సూత్రాల్లో 2022 డిసెంబరులో 'అనుభవం' అనే మాటను చేర్చింది కూడా.

ఇంకో మాట. గూగుల్ మన వైజాగ్‌లో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది. అది డేటా సెంటర్. ఎలక్ట్రికల్, కూలింగ్, నెట్‌వర్క్ పనులు వేరు, మీ అమ్మాయి నేర్చుకోబోయేది వేరు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దీన్ని చూపించి ఆశ పెడితే నమ్మకండి.

నలభై ఐదు వేలు ఇప్పుడే కట్టకండి. గూగుల్ స్కిల్‌షాప్, హబ్‌స్పాట్ అకాడమీ అనే ఆన్‌లైన్ శిక్షణ సైట్లలో మొదటి పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ముందు డిగ్రీ పరీక్షలు బాగా రాయనివ్వండి. ఆ తర్వాత మూడు నెలలు మీకు తెలిసిన ఒక్క చిన్న షాపు, టైలరింగ్ అయినా టిఫిన్ సెంటరైనా సరే, ఓనరు ఒప్పుకుంటే తన చేతికి అప్పగించండి. గూగుల్‌లో ఆ షాపు ప్రొఫైల్ సరిచేయడం, టైమింగ్స్, ఫోటోలు పెట్టడం, రివ్యూలకు జవాబివ్వడం, వారానికి రెండు రీల్స్. కౌంటర్ దగ్గర నిలబడి "మమ్మల్ని ఎక్కడ చూసి వచ్చారు?" అని కస్టమర్లను అడగాలి. ఆదివారం ఆ వారం అంకెలన్నీ నోట్‌బుక్‌లో రాయాలి. మూడో వారానికే విసుగొస్తే, తనకు ఇష్టమైంది చూడటమేనని తేలుతుంది, అందులో తప్పేమీ లేదు. నోట్‌బుక్ నిండుతుంటే అప్పుడు కోర్సు గురించి మాట్లాడండి. గ్యారంటీ అన్నది కాగితం మీద రాసిమ్మనండి, పోయిన బ్యాచ్ పిల్లలు ఇద్దరితో మాట్లాడించమనండి.

మీ వారి భయం కూడా న్యాయమైనదే. మొదటి జీతం బ్యాంకు జీతంలా ఉండదు. కానీ బ్యాంకు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ క్లర్కు పరీక్షకు వయసు 20 నుంచి 28, పీఓకు (ప్రొబేషనరీ ఆఫీసర్) 20 నుంచి 30. మూడు నెలలకు ఆ తలుపు మూసుకుపోదు. ఈ సంగతి వాళ్ల నాన్నగారికి మీరు చెప్పండి. నోట్‌బుక్ మాత్రం అమ్మాయినే తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, ఒక్కో అంకె వివరించమనండి.