తెల్లపావులు పట్టిన మనవరాలికి

బిడ్డా,

నువ్వు పంపిన చెస్ నోట్‌బుక్ ఫోటోలు చూశాను. డి4 (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస; అంటే క్వీన్ ముందు బంటును రెండు గళ్ళు తోసే మొదటి ఎత్తు) కింద నలభై ఏడు లైన్లు, అంటే ఎత్తుల వరుసలు, ఒక్కోదానికి ఒక్కో రంగు స్కెచ్ పెన్ను. చూడ్డానికి బాగుంది. కానీ మొన్న ఫోన్‌లో "ఆరో ఎత్తులో క్వీన్ సి2కి ఎందుకు పోయింది?" అని అడిగితే "కోర్సులో అట్లే ఉంది తాతా" అన్నావు. ఆ జవాబు వినే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా రోజుల్లో ఒంటె, ఏనుగు, మంత్రి అనేవాళ్ళం. నీకోసం బిషప్, రూక్, క్వీన్ అనే రాస్తాను. గుర్రం, బంటు మాత్రం మార్చుకోవడం నావల్ల కాదు.

మన హనుమకొండ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ ప్రపంచ చెస్ రేటింగ్ లిస్టులో 2800 దాటాడు. ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు. ఆయనలా అన్ని ఓపెనింగులూ (ఆట మొదలుపెట్టే పద్ధతులు) ఆడాలని నీకు ఉంటుంది. ఉండనీ. ఈ ఏడాదికి మాత్రం ఒక్కటి చాలు.

డి4కి నలుపు తరఫున పాతకాలం నుంచి నిలబడ్డ జవాబు డి5, దాని వెనకాల ఈ6. క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ అంటారు, అంటే నువ్వు సి4లో ఎర వేసిన బంటును తినకుండా వదిలేయడం. 1927లో బ్యూనస్ ఎయిర్స్‌లో కాపబ్లాంకా, అలెఖిన్ ప్రపంచ టైటిల్‌కు 34 గేములు ఆడితే 32 గేముల్లో ఇదే. అంత గట్టి గోడను నలభై ఏడు చోట్ల పొడిస్తే నీ వేళ్ళే నొస్తాయి. అందుకే ఎక్స్‌ఛేంజ్ వేరియేషన్ పట్టుకో: డి4 డి5, సి4 ఈ6, గుర్రం సి3, గుర్రం ఎఫ్6. నాలుగో ఎత్తులో సి బంటుతో డి5ను కొట్టు. ఎదుటివాళ్ళు ఈ బంటుతో తిరిగి కొడతారు, ఆ తర్వాత సి6 ఆడతారు.

ఇక్కడ ఆగి, రాజులు, బంట్లు తప్ప మిగతా పావులన్నీ బోర్డు మీంచి తీసెయ్యి. ఉత్తమాట కాదు, నిజంగానే తీసి డబ్బాలో వెయ్యి. క్వీన్ వైపు నీకు ఏ, బి రెండే బంట్లు. అవతల ఏ, బి, సి మూడు. ఇద్దరు కలిసి ముగ్గురి మీదికి పోవడం పిచ్చిపనిలాగే కనిపిస్తుంది. అయినా బి4, తర్వాత బి5 తోయి. నీ బంటు సి6ను కొట్టి, వాళ్ళు బి బంటుతో తిరిగి కొడితే, సి6 బంటును కాయడానికి ఇంకో బంటు ఉండదు. సి ఫైల్‌లో (సి నిలువు వరుసలో) నీ రూకులు దాని నెత్తిన కూర్చుంటాయి. వాళ్ళే ముందు బి5ను కొడితే డి5 బంటు ఒంటరిదవుతుంది. దీన్నే మైనారిటీ అటాక్ అంటారు. ఈ బంట్ల అమరికకు కార్ల్స్‌బాడ్ అని పేరు. ఆ బోర్డు కళ్ళు మూసుకున్నా కనిపించాలి.

ఈ కొట్టుడుకు ఒక ఖరీదు ఉంది. ఈ6లో బంటు ఉన్నంతసేపూ వాళ్ళ సి8 బిషప్ తలుపేసిన ఇంట్లో ఉన్నట్టే. ఆ తలుపు నువ్వే తీశావు. అది ఎఫ్5కు వచ్చి, నీ మంచి బిషప్‌తో మార్పిడి చేసుకోవాలని చూస్తుంది. క్వీన్ సి2లో ఉంటే ఎఫ్5 మీద నీ కాపలా ఉంటుంది. మొన్న నేనడిగింది ఇదే.

తర్వాత బిషప్ జి5, ఈ3, బిషప్ డి3, గుర్రం ఎఫ్3, క్యాస్లింగ్ (రాజు, రూక్ ఒకే ఎత్తులో కదలడం), రూక్ బి1. వరుస అటూ ఇటూ అయినా పరవాలేదు. నువ్వు క్వీన్ వైపు పని చేస్తుంటే వాళ్ళు ఊరుకోరు, ఈ4లో గుర్రం దింపి నీ రాజు మీదికి వస్తారు. ఒక కన్ను అటు ఉండాలి. గుర్రాన్ని ఈ2లో పెట్టి, ఎఫ్3, ఈ4 తోసే దారి కూడా ఉంది. బొత్విన్నిక్ 1952లో కెరెస్ మీద అట్లాగే గెలిచాడు. అది వచ్చే ఏడు చూద్దాం.

నా పరువు పోయిన సంగతి చెప్తా, విను. 1986లో ఒక టోర్నమెంటు. ఎదురుగా పల్లీపట్టి నములుతున్న పిలగాడు. నేను బిషప్ జి5 ఆడితే వాడు గుర్రాన్ని డి7కు తెచ్చాడు. డి5లో బంట్లు మారాయి. వాడి ఎఫ్6 గుర్రం కదిలితే క్వీన్ పోతుంది కదా, కదలదనుకొని డి5 బంటును గుర్రంతో ఎత్తేశాను. వాడు అదే గుర్రంతో నా గుర్రాన్ని కొట్టాడు! నేను సంబరంగా డి8లో క్వీన్‌ను తీసుకున్నాను. వాడు పల్లీపట్టి పక్కన పెట్టి బిషప్ బి4, చెక్. అడ్డం పెట్టడానికి క్వీన్ తప్ప ఇంకేం లేదు. లెక్క తేలేసరికి నాకు ఒక బంటు ఎక్కువ, ఒక గుర్రం తక్కువ. ఆ ట్రాప్ పేరు ఎలిఫెంట్ ట్రాప్ అని తర్వాత తెలిసింది. రాజు ముందు కట్టేసిన పావు కదలదు, క్వీన్ ముందు కట్టేసింది కదలగలదు. అక్కడ నేను చేయాల్సింది ఈ3 ఒక్కటే. ఆడి ఉంటే మళ్ళీ ఇదే కార్ల్స్‌బాడ్‌కు వచ్చేవాణ్ణి.

ఎత్తుల వరుస మారిందని టెన్షన్ పడకు. సికింద్రాబాద్ నుంచి వచ్చినా, బల్లార్షా నుంచి వచ్చినా కాజీపేటలోనే దిగినట్టు, చాలా వరుసలు అక్కడికే చేరతాయి. ఒక్క తేడా గుర్తుంచుకో: మూడో ఎత్తులో వాళ్ళు గుర్రానికి బదులు బిషప్ ఈ7 ఆడితే నీ బిషప్‌కు జి5 దొరకదు. బంట్లు మార్చి బిషప్‌ను ఎఫ్4లో పెట్టు.

స్లావ్ వస్తే, అంటే రెండో ఎత్తులో సి6 ఆడితే, ప్రస్తుతానికి అక్కడా బంట్లు మార్చి ప్రశాంతంగా ఆడు. సి6 కాకుండా రెండో ఎత్తులోనే నీ సి4 బంటును తినేస్తే ఈ3 ఆడు. దాన్ని దాచుకుందామని బి5 తోస్తే ఏ4. సి6తో కాస్తే ఏ బంటుతో బి5ను కొట్టు, వాళ్ళు సి బంటుతో కొడతారు, అప్పుడు క్వీన్ ఎఫ్3. ఏ8 రూక్‌ను కాపాడాలంటే ఏదో ఒక పావు ఇచ్చుకోవాల్సిందే. ఇది బోర్డు మీద పెట్టి చూడు, నవ్వొస్తుంది.

స్కెచ్ పెన్నులు పక్కన పెట్టు. కార్ల్స్‌బాడ్‌కు ఒక పేజీ ఇచ్చి, ప్రతి పావు ఎక్కడ కూర్చోవాలి, ఎందుకు అని నీ మాటల్లో రాయి. పదిహేను నిమిషాల గేములు ఆడు, ఓడినా గెలిచినా నీకు తెలిసిన దారి ఏ ఎత్తులో తప్పిందో ఒక్క లైను రాసుకో. వారానికి ఒకసారి నల్లపావుల వైపు కూర్చుని అదే అమరిక ఆడు. నిన్ను ఏది ఇబ్బంది పెడుతుందో అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. మీ నాన్నకు చెప్పు, ఇంకో కోర్సు కొనొద్దని.

దసరాకు వస్తావు కదా, ఆ ఒక్క పేజీ తీసుకురా. నల్లపావులు నావి. పల్లీపట్టి కూడా నేనే తెస్తా.

మీ తాత
హనుమకొండ