లూట్ బాక్సులకి డబ్బులు పెట్టించుకోవడం న్యాయమేనా?

గేమ్‌కి డబ్బులు తీసుకోవడంలో తప్పేం లేదండి, ఆన్‌లైన్ గేమ్ అంటే సర్వర్లు, అప్‌డేట్లు, చీటర్లని పట్టుకోవడం, వీటన్నిటికీ రోజూ ఖర్చు ఉంటుంది కాబట్టి ఒక స్కిన్ (ఆటలో క్యారెక్టర్‌కో గన్‌కో వేసే కొత్త లుక్) ఇంత అని రేటు చెప్పి అమ్మితే నాకేం అభ్యంతరం లేదు, నచ్చితే కొంటాం లేకపోతే లేదు. లూట్ బాక్స్ (తెరిస్తే లక్ మీద ఏదో ఒక వస్తువు వచ్చే, ఆటలోని డబ్బా) దగ్గరే తేడా కొడుతుంది, ఎందుకంటే లోపల ఏముందో తెలియకుండానే డబ్బు కట్టాలి.

మనకి కావాల్సిన వస్తువు వచ్చే ఛాన్స్ 1 శాతం అని రాసుంటే 100 బాక్సులు తెరిస్తే వచ్చేస్తుందిలే అనుకుంటాం కదా, కానీ లెక్క వేస్తే 100 తెరిచినా దాదాపు 37 శాతం మందికి అసలు రాదు. పైగా డైరెక్టుగా డబ్బులు కాకుండా ఆటలో మాత్రమే చెల్లే జెమ్స్, కాయిన్స్ కొనిపిస్తారు, దాంతో ఎంత తగలేశామో మనకే గుర్తుండదు (ప్యాక్‌లో ఎప్పుడూ నాలుగు కాయిన్లు మిగిలేలా పెట్టడం ఇంకో తెలివి).

బెల్జియం 2018లో డబ్బులు కట్టే లూట్ బాక్సులు జూదమే అని తేల్చింది, చైనా 2017 నుంచి ఛాన్స్ ఎంతో బయటపెట్టాలంది. 2017లో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 అనే గేమ్ మీద అంత గోల జరిగింది కూడా ఇందుకే, బాక్సుల్లో వచ్చేవి ఆటలో బలం పెంచేవి, అంటే డబ్బున్నోడే గెలుస్తాడన్నమాట. ఒట్టి డ్రెస్సులు, రంగులైతే కాస్త నయం, అయినా చిన్నపిల్లలకి అమ్మడం మాత్రం నాకు అస్సలు నచ్చదు.