సందేహాలు, సమాధానాలు: గుమ్మం ముందు దెయ్యాల వేషాలు

ప్రశ్న: మేము తిరుపతిలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. కిందటి అక్టోబరు 31న మా బ్లాకు పిల్లలు నల్లగుడ్డలు కప్పుకుని, ముఖాలకు పుర్రె రంగులు పూసుకుని, చాక్లెట్ల కోసం ఇంటింటి బెల్లు కొట్టారు. దీపాలు పెట్టే వేళ ఈ అపశకునమేమిటని మా అత్తగారు తలుపు తీయనివ్వలేదు. హాలోవీన్ ప్రేతాలను పూజించే పండుగా, లేక క్రైస్తవుల పండుగా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీరు చెప్పిన రెండింటిలో రెండవదే సత్యానికి దగ్గర. కాథలిక్కులు నవంబరు 1న సకల పునీతుల పండుగను, మరునాడు మృతులందరి స్మరణ దినాన్ని జరుపుకుంటారు. మన వైపు క్రైస్తవ కుటుంబాలు సమాధులను శుభ్రం చేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ ఆ రెండవ రోజే. హాలోవీన్ ఈ జంట పండుగలకు ముందు రాత్రి. నవంబరు 1 అన్న తేదీ నాలుగవ గ్రెగరీ పోపు కాలంలో, 835లో, నేటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలను ఏలిన ఫ్రాంకుల రాజ్యమంతటా స్థిరపడింది.

దెయ్యాల ముచ్చట మాత్రం ఐర్లండ్, స్కాట్లండ్‌ల నుంచి వచ్చింది. అక్కడి కెల్టు జనులకు నవంబరు ఆరంభమే చలికాలపు తొలి రోజు. వేసవి మేతకు కొండలెక్కించిన పశువులను కిందికి దింపి, చలికాలమంతా మేపలేని వాటిని కోసి, నెగళ్ళు వేసే ఆ సంధికాలాన్ని సావిన్ అనేవారు. ఆ రాత్రి పరలోకానికి వాకిళ్ళని నమ్మే మట్టిగుట్టలు తెరుచుకుంటాయని పాత ఐరిష్ కథలు చెబుతాయి. అయితే ఆ కథలను రాసిపెట్టినవారు మధ్యయుగపు క్రైస్తవ సన్యాసులేనన్నది మరవరాదు. రెండు వేల ఏళ్ళ కిందట పూజారులు ఆ రాత్రి ఏమేమి చేసేవారో కళ్ళారా చూసినట్టు వర్ణిస్తూ ఏటా వాట్సాప్‌లో తిరిగే వ్యాసాలకు ఆధారం బహు స్వల్పం. సావిన్‌ను అణచివేయడానికే చర్చి ఈ తేదీని ఎంచుకుందన్న మాట కూడా నిలిచేలా లేదు. ఆ రోజుల్లో ఐర్లండ్‌లోనే పునీతుల పండుగను ఏప్రిల్ 20న జరిపేవారు.

ఇక ఇంటింటికీ తిరగడం సంగతి. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో పేదలు గడప గడపకూ వెళ్ళి, ఆ ఇంట చనిపోయినవారి ఆత్మశాంతికి ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు పుచ్చుకునేవారు. స్కాట్లండ్‌లో వేషాలతో తిరిగే ఆచారం 16వ శతాబ్దం నుంచి కనిపిస్తుంది. అక్కడ పిల్లలు పాటో పద్యమో వినిపిస్తే గానీ చేతిలో పండో పైసో పడేది కాదు. 1840లలో బంగాళాదుంపకు సోకిన తెగులు తెచ్చిన కరువుకు తాళలేక లక్షలాది ఐరిష్ జనం అమెరికాకు వలసపోతూ ఈ ఆచారాలను వెంట తీసుకుపోయారు. ‘పెడతారా, అల్లరి చేయమంటారా’ అని బెదిరించి మిఠాయి అడగడం 1920లలో కెనడాలో వాడుకలోకి వచ్చిన కొత్త పద్ధతి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చక్కెరకు రేషన్ పెట్టడంతో అది మందగించి, 1947లో రేషన్ ఎత్తివేశాక అమెరికా అంతటా పాకింది. మీ అపార్ట్‌మెంట్‌కు వచ్చినది ఈ చివరి రూపమే గనుక అందులో పూజకు, ప్రేతానికి చోటు లేదు. మీ అత్తగారి అభ్యంతరం వేళ గురించే అయితే, పిల్లలను వచ్చే ఏడు దీపం పెట్టకముందే రమ్మనవచ్చు.

ప్రశ్న: మన గంగమ్మ జాతర వేషాలకు, హాలోవీన్ వేషాలకు ఏమైనా సంబంధం ఉందా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: సంబంధం లేదు. పోలిక ఉన్నా, ఉద్దేశంలో రెండూ ఎదురెదురు. హాలోవీన్ నాడు వేషం వేసేది తిరుగాడే ఆత్మలు తమను గుర్తుపట్టకుండా ఉండేందుకని ప్రజలు చెప్పుకుంటారు. అంటే అది దాక్కునే వేషం. తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథలో దాక్కున్నవాడు ఆడవారిని చెరిచిన పాలెగాడు. అతణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారే బైరాగిగా, బండగా, తోటిగా రూపాలు మార్చి, చివరకు దొర వేషంలో వచ్చి తల నరికింది. కనుక ఇది వెతికే వేషం. మే నెల ఎండల్లో ఒళ్ళంతా పూతలు పూసుకుని, వేపమండలు పట్టుకుని వీధుల్లో తిరిగే భక్తుడు మొక్కు తీర్చుకుంటున్నాడే తప్ప ఎవరినీ జడిపించడం లేదు. జాతర నాడు మీసాలున్న మగవారు పట్టుచీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని గుడికి రావడం చూసినవారికి ఈ భేదం వేరుగా చెప్పనక్కరలేదు.

అసలైన పోలిక మరొకచోట ఉంది. జాతర రోజుల్లో బండ వేషం వేసే నాడు ఎదురైనవారినల్లా బూతులు తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. ఐర్లండ్ పల్లెల్లోనూ హాలోవీన్ రాత్రి కుర్రకారు ఇరుగుపొరుగు గేట్లు ఊడదీసి దాచేసినా పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఏడాదిలో ఒక్కరోజు కట్టుబాటు సడలించే ఆనవాయితీ రెండు చోట్లా వేర్వేరుగానే పుట్టింది.

ప్రశ్న: మేము దిష్టికి గుమ్మడికాయ కడతాము, హాలోవీన్ జరిపేవారు గుమ్మడికాయకు దెయ్యం ముఖం చెక్కుతారు. రెండింటి మూలం ఒకటేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: కాదు, కాయలు కూడా వేరు. మనం గుమ్మానికి కట్టేది ఆసియాకు చెందిన బూడిదగుమ్మడి. వారు చెక్కే నారింజరంగు గుమ్మడి అమెరికా ఖండపు పంట. ఐర్లండ్‌లో ఉన్నంతకాలం ఐరిష్ జనం టర్నిప్ గడ్డను తొలిచి, కళ్ళు, పళ్ళు కోసి, లోపల నిప్పుకణికో కొవ్వొత్తో పెట్టేవారు. అమెరికాకు వెళ్ళాక, అంతకంటే పెద్దదీ సులువుగా తొలిచేదీ దొరికింది గనుక గుమ్మడికి మారారు. మన దిష్టి గుమ్మడికాయ కుళ్ళేదాకా వేలాడి చివరకు పారవేయబడుతుంది. వారు మాత్రం తొలిచి తీసిన గింజలను ఉప్పు చల్లి వేయించుకుని తింటారు.