ప్రింటర్ పోలేదు, దానికి అందాల్సింది అందలేదు

ప్రశ్న: మా హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్ పదేళ్లకు పైగా వాడుతున్నాం. 2025 అక్టోబర్‌లో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయిందని మా అబ్బాయి పాత కంప్యూటర్లో దాని బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి బెంగళూరు వెళ్లిపోయాడు. తెర మీద ప్రింటర్ పేరు కనిపిస్తోంది, ప్రింట్ కొడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. రిపేర్ షాపులో అడిగితే "పాతదైపోయింది మేడం, కొత్తది తీస్కోండి" అన్నారు. నిజంగా పోయినట్టేనా?
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఆగండి, అప్పుడే కొత్తదానికి డబ్బులు పెట్టకండి. మీరు రాసిందాన్ని బట్టి చూస్తే ప్రింటర్ బాగానే ఉండి ఉంటుంది. ఈ 1020తో ఒక తిరకాసు ఉంది. అది పని చేయడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్, అంటే ప్రింటర్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్, దాని లోపల నిల్వ ఉండదు, స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే కేబుల్ ద్వారా పంపాలి. విండోస్‌లో డ్రైవర్ ఆ పని చడీచప్పుడు లేకుండా చేసేసేది కాబట్టి ఇన్నేళ్లూ మీకు ఆ సంగతే తెలియలేదు. ఉబుంటులో హెచ్‌పీ ప్రింటర్ల సాఫ్ట్‌వేర్ మామూలుగా ముందే ఉంటుంది కానీ ఈ ఫర్మ్‌వేర్ అందులో కలిసి రాదు, ప్లగిన్ అని విడిగా దించుకోవాలి. మీ అబ్బాయి మర్చిపోయింది బహుశా అదే.

నెట్ కనెక్ట్ చేసి, ప్రింటర్ ఆన్‌లో ఉంచి, కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కండి. టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ, తెరుచుకుంటుంది, టెన్షన్ పడక్కర్లేదు. అందులో హెచ్‌పీ, అడ్డగీత, ప్లగిన్ అని అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. తర్వాత ఒక ఖాళీ వదిలి, మళ్లీ అడ్డగీత, ఐ అక్షరం (మొత్తం hp-plugin -i అని కనిపించాలి), ఎంటర్. దించాలా అని అడిగితే డి, షరతులకు ఒప్పుకుంటారా అంటే వై. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు మీరు కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డ్ పాడైందనుకుని చాలామంది అక్కడే ఆపేస్తారు, మీరు మాత్రం పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కేయండి. అయ్యాక సెట్టింగ్స్‌లో ఉన్న ప్రింటర్ని తీసేసి, ప్లగిన్ బదులు సెటప్ అని పెట్టి అదే కమాండ్ (hp-setup -i) మళ్లీ ఇవ్వండి, ప్రింటర్ కొత్తగా చేరుతుంది.

ఇకపై కంప్యూటర్ పూర్తిగా ఆన్ అయ్యాకే ప్రింటర్ స్విచ్ వేయడం అలవాటు చేసుకోండి, కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా అంతే. ఇంకోటి, ఉబుంటు కొత్త వెర్షన్‌కి మారినప్పుడు ప్లగిన్ మళ్లీ దించుకోవాల్సి రావచ్చు, కాబట్టి ఈ పేజీ కత్తిరించి దాచుకోండి. షాపతను చెప్పింది మాత్రం బేరం మాట, రోగం చూసి చెప్పిన మాట కాదు.

ప్రశ్న: హాల్ టికెట్ ప్రింట్ తీస్తే అడుగున రెండు లైన్లు తెగిపోతున్నాయి. నాదీ ఉబుంటే.
– దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ నుంచి

జవాబు: పేపర్ సైజు 'లెటర్' అని ఉందేమో చూడు. అది అమెరికా కొలత, పొడవు 279 మిల్లీమీటర్లే. మన ఎ4 పొడవు 297. సెట్టింగ్స్‌లో ప్రింటర్ పక్కనున్న మెనూలో ప్రింటింగ్ ఆప్షన్స్ తెరిచి ఎ4 పెట్టు, ప్రింట్ కొట్టేముందు పీడీఎఫ్ తెరిచిన చోట కూడా అదే ఉందో లేదో చూస్కో.