స్మార్ట్ స్విచ్ పేజీ తెరుచుకోకపోతే, రాత్రిళ్లు కెమెరాలు ఆగిపోతుంటే

నమస్తే అండీ. మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గాజువాకలో మూడంతస్తుల బిల్డింగ్. కింద మీ అకౌంట్స్ ఆఫీసు, పైన అద్దె గదులు, మొత్తం ఎనిమిది ఐపీ కెమెరాలు. కొత్తగా పదహారు పోర్టుల పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాకి కరెంటు కూడా ఇచ్చే) స్మార్ట్ స్విచ్ పెట్టారు. దాని సెట్టింగ్స్ పేజీ బ్రౌజర్‌లో రావడం లేదు. గదుల్లో ఉండేవాళ్లకు ఆఫీసు కంప్యూటర్లు, కెమెరాలు కనబడకూడదు. పైగా స్విచ్ మార్చిన దగ్గర్నుంచి రాత్రిపూట ఒకటి రెండు కెమెరాలు ఆగిపోయి, తెల్లారేసరికి వాటంతట అవే వస్తున్నాయి.

విశాఖలో చాలా ఏళ్లుగా కెమెరాలు, చిన్న ఆఫీసుల నెట్‌వర్కులు బిగించే పనిలో ఉన్నాను. ఇలాంటి బిల్డింగ్‌లు మధురవాడ నుంచి పెందుర్తి దాకా చాలా చూశాను. మీ మూడు సమస్యలకూ దారి ఉంది. ఒక్క మాట ముందే చెబుతాను. ఏ మార్పు చేసినా మీరు స్విచ్ లోపలికి వెళ్లే దారి మూసుకుపోకుండా చూసుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు పేజీ సంగతి. మీ ఫైబర్ మోడెమ్ 192.168.1.1 మీద ఉందని రాశారు. అంటే మీ ల్యాప్‌టాప్‌కి 192.168.1 తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. స్విచ్ మాత్రం సాధారణంగా కంపెనీ పెట్టిన అడ్రస్ మీదే కూర్చుని ఉంటుంది. టీపీ-లింక్ ఈజీ స్మార్ట్ స్విచ్‌లకు అది 192.168.0.1, నెట్‌గేర్ స్మార్ట్ స్విచ్‌లు చాలావాటికి 192.168.0.239, డీ-లింక్‌కి 10.90.90.90, సిస్కో చిన్న బిజినెస్ స్విచ్‌లకు 192.168.1.254. మీరు మోడల్ రాయలేదు కాబట్టి స్విచ్ అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి, చాలావాటికి అడ్రస్ అక్కడే ఉంటుంది. రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉంటే స్విచ్ ఎంత బాగా పనిచేస్తున్నా పేజీ రాదు. స్విచ్ పాడైందేమో అని షాపుకి తీసుకెళ్లకండి.

ఇలా చేయండి. స్విచ్‌లోంచి మోడెమ్ కేబుల్ తీసేయండి. మోడెమ్ ఉంటే కొన్ని స్విచ్‌లు దాని దగ్గర కొత్త అడ్రస్ తీసుకుని కూర్చుంటాయి, అప్పుడు స్టిక్కర్ మీద ఉన్నది పనికిరాదు. కెమెరాల కేబుళ్లు కూడా కాసేపు తీసేస్తే మంచిది. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ఒక కేబుల్‌తో నేరుగా చివరి పోర్టుకి కలపండి. విండోస్‌లో ఈథర్‌నెట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఐపీ అడ్రస్ చేత్తో ఇవ్వండి. స్విచ్ 192.168.0.1 అయితే మీరు 192.168.0.50 ఇవ్వండి, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే ఖాళీగా వదిలేయండి. తర్వాత బ్రౌజర్‌లో స్విచ్ అడ్రస్ కొట్టండి. కొన్ని బ్రౌజర్లు ముందు హెచ్‌టీటీపీఎస్ అని తగిలించేస్తాయి, పాత స్విచ్‌లు దానికి పలకవు. హెచ్‌టీటీపీ అని మీరే టైప్ చేస్తే వస్తుంది. అప్పటికీ రాకపోతే పిన్నుతో రీసెట్ బటన్‌ని లైట్లన్నీ ఒకసారి వెలిగేదాకా నొక్కిపట్టి, మళ్లీ మొదట్నుంచి చేయండి.

లోపలికి వెళ్లాక మొదట పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత స్విచ్‌కి మీ మోడెమ్ నెట్‌వర్కులోని స్థిరమైన అడ్రస్ ఇవ్వండి, ఉదాహరణకు 192.168.1.2. మోడెమ్ ఇతరులకు పంచే అడ్రస్‌ల వరసలో అది లేకుండా చూసుకోండి. ఆ అడ్రస్‌ని కాగితం మీద రాసి స్విచ్ పైనే టేపుతో అంటించండి. ఏడాది తర్వాత మీకైనా, మీరు పిలిచిన కుర్రాడికైనా అదే ఆధారం. ఇక ల్యాప్‌టాప్‌ని మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టి కేబుళ్లన్నీ తగిలించండి.

ఇప్పుడు అసలు పని, ఆఫీసుని గదుల నుంచి వేరు చేయడం. దీనికి వాడేది వీలాన్, అంటే ఒకే స్విచ్‌ని లోపల వేర్వేరు నెట్‌వర్కులుగా విడగొట్టడం. సింహాచలంలో ఉచిత దర్శనం వాళ్లు, టికెట్ దర్శనం వాళ్లు పక్కపక్కనే నడుస్తున్నా మధ్యలో కమ్మీలుంటాయి కదా, ఒకే స్విచ్‌లో వీలాన్‌లు కూడా అలాంటివే. 802.1క్యూ అనే పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌కి, అంటే డేటా ముక్కకి, ఒక నంబరు (ట్యాగ్) తగులుతుంది, 1 నుంచి 4094 దాకా ఏదైనా పెట్టుకోవచ్చు. మీకు ఆఫీసు 10, కెమెరాలు 20, గదులు 30 అనుకుందాం. ఒకటో నంబరు ఫ్యాక్టరీ నుంచి వచ్చే డిఫాల్ట్, దాన్ని స్విచ్ మేనేజ్‌మెంట్‌కి వదిలేయండి.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక తెల్లకాగితం మీద పదహారు పోర్టులూ రాసుకోండి. ఏ పోర్టుకి ఏది వస్తుంది, అది ఏ నంబరు, ట్యాగ్ ఉండాలా వద్దా. కంప్యూటర్, ప్రింటర్, కెమెరా, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్) లాంటివాటికి మామూలుగా ట్యాగ్ అంటే తెలియదు, కాబట్టి వాటి పోర్టులు అన్‌ట్యాగ్డ్. రూటర్‌కి (దాని సంగతి కింద చెబుతాను) వెళ్లే పోర్టులో 10, 20, 30 అన్నీ కలిసి వెళ్లాలి, కాబట్టి అది ట్యాగ్డ్. ఒకే యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) నుంచి ఆఫీసు వైఫై, గదుల వైఫై రెండు పేర్లతో ఇస్తే దాని పోర్టు కూడా ట్యాగ్డ్.

ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. చవక స్మార్ట్ స్విచ్‌లలో వీలాన్ మెంబర్‌షిప్ ఒక పేజీలో, పీవీఐడీ ఇంకో పేజీలో ఉంటాయి. మెంబర్‌షిప్ పేజీ ఆ పోర్టు నుంచి ఏ ప్యాకెట్లు బయటికి రావచ్చో చెబుతుంది. ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చిన ప్యాకెట్‌కి ఏ నంబరు తగిలించాలో పీవీఐడీ చెబుతుంది. ఐదో పోర్టుని 20లో అన్‌ట్యాగ్డ్ అని పెట్టి పీవీఐడీ 1 దగ్గరే వదిలేస్తే, కెమెరా పంపింది ఒకటో వీలాన్‌లోకి పోతుంది, దానికి రావాల్సిన జవాబు ఇరవైలోనే ఉండిపోతుంది. లైట్ వెలుగుతుంది, అడ్రస్ మాత్రం రాదు. కేబుల్ పోయిందనుకుని కొత్త కేబుల్ లాగిన వాళ్లని చూశాను. రెండు పేజీలూ పక్కపక్కన తెరిచి ప్రతి పోర్టునీ సరిచూడండి. అలాగే 20లోకి చేర్చిన పోర్టుని ఒకటో వీలాన్ నుంచి తీసేయండి, లేకపోతే అటువైపు బ్రాడ్‌కాస్ట్ (అందరికీ కలిపి పంపే ప్యాకెట్లు) ఇటు కూడా వస్తూనే ఉంటుంది.

పదహారో పోర్టుని మాత్రం ముట్టుకోకండి. అది ఒకటో వీలాన్‌లో, పీవీఐడీ 1తో, అన్‌ట్యాగ్డ్‌గా అలాగే ఉండాలి. ల్యాప్‌టాప్‌ని 192.168.1.50 లాంటి అడ్రస్‌తో దానికే కలిపి మార్పులన్నీ అక్కణ్నుంచే చేయండి. మీరు కూర్చున్న పోర్టు వీలాన్ నంబరే మార్చేస్తే అప్లై నొక్కిన క్షణంలో పేజీ పోతుంది, ఇక రీసెట్ తప్ప దారి ఉండదు. ఇంకో సంగతి, చాలా స్విచ్‌లలో అప్లై వేరు, సేవ్ వేరు. సేవ్ చేయకపోతే కరెంటు పోయి వచ్చాక పాత సెట్టింగులే వస్తాయి. దీన్ని మీకు అనుకూలంగా వాడుకోండి. అన్నీ అప్లై చేసి, ఆఫీసు నుంచి ఒకటి, గది నుంచి ఒకటి, కెమెరా ఒకటి పరీక్షించి, అంతా సరిగ్గా ఉంటేనే సేవ్ నొక్కండి. తేడా వస్తే ప్లగ్ తీసి పెడితే చాలు. మన దగ్గర వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, పరీక్ష పూర్తయ్యాక సేవ్ మాత్రం వాయిదా వేయకండి. ఆ సెట్టింగుల ఫైలుని కూడా బ్యాకప్ పేజీలోంచి డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.

అయితే స్విచ్ ఒక్కటే మొత్తం పని చేయలేదు. వీలాన్‌లు వేరు చేశాక ప్రతి వీలాన్‌కీ అడ్రస్‌లు ఇచ్చి ఇంటర్నెట్ చూపించే రూటర్ కావాలి. ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చే మోడెమ్‌లలో ఈ సదుపాయం సాధారణంగా మన చేతికి ఇవ్వరు. టీపీ-లింక్ ఈఆర్605, మైక్రోటిక్ హెక్స్ లాంటి చిన్న రూటర్ ఒకటి మోడెమ్‌కీ స్విచ్‌కీ మధ్య పెట్టుకోవడం మంచిది. పెట్టాక ఇంకో ముఖ్యమైన పని ఉంది. ఇలాంటి రూటర్లు మామూలుగా ఒక వీలాన్ నుంచి ఇంకో వీలాన్‌కి దారి తెరిచే ఉంచుతాయి. అంటే స్విచ్‌లో ఎంత శ్రద్ధగా వేరు చేసినా గదిలో ఉన్న మనిషి రూటర్ మీదుగా మీ ట్యాలీ కంప్యూటర్ దాకా రాగలడు. రూటర్‌లో 30 నుంచి 10కీ, 20కీ వెళ్లే దారిని, రూటర్, స్విచ్ సెట్టింగ్స్ పేజీలకు వెళ్లే దారిని నిరాకరించే నియమం రాయాలి. తర్వాత గది వైఫైకి ఫోన్ కలిపి ఆఫీసు ప్రింటర్ అడ్రస్, ఎన్‌వీఆర్ అడ్రస్ బ్రౌజర్‌లో కొట్టి చూడండి. తెరుచుకోకూడదు. మీ బిల్డింగ్‌లో పరాయివాళ్లు ఉంటారు, మీ దగ్గర క్లయింట్ల పాన్, బ్యాంకు వివరాలు ఉంటాయి. ఈ పరీక్ష చేయకుండా పని పూర్తయిందనుకోవద్దండీ.

ఇప్పుడే రూటర్ కొనలేకపోతే స్విచ్‌లో పోర్ట్ ఐసొలేషన్ ఉందేమో చూడండి. గదుల పోర్టులు మోడెమ్ పోర్టుతో తప్ప ఇంక దేనితోనూ మాట్లాడకుండా చేయొచ్చు. కెమెరాలు ఎన్‌వీఆర్ పోర్టుతో మాత్రమే. అయితే మోడెమ్ సొంత వైఫై ఎవరు వాడినా ఈ అడ్డు పనిచేయదు, కాబట్టి ఆ పాస్‌వర్డ్ గదుల వాళ్లకు ఇవ్వకండి. కొన్నాళ్లకు సరే, శాశ్వతంగా ఇలా వదిలేయమని మాత్రం చెప్పను.

రాత్రి ఆగే కెమెరాల దగ్గరకొస్తే, నాకు ముందు పీఓఈ బడ్జెట్ మీదే, అంటే స్విచ్ అన్ని పోర్టులకూ కలిపి ఇవ్వగల కరెంటు మీదే అనుమానం. చీకటి పడగానే కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, దాంతో అవి లాగే కరెంటు పెరుగుతుంది. ఉదాహరణకు ఒక్కో కెమెరా పగలు 4 వాట్లు, రాత్రి 9 వాట్లు తీసుకుంటుందనుకోండి. ఎనిమిది కెమెరాలకూ కలిపి పగలు 32 వాట్లు, రాత్రి 72. స్విచ్ మొత్తం బడ్జెట్ 60 వాట్లే అయితే తక్కువ ప్రయారిటీ ఉన్న పోర్టులకు అది కరెంటు ఆపేస్తుంది. తెల్లారి లైట్లు ఆరగానే మళ్లీ ఇస్తుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. ఒక్కో పోర్టు ఎంత ఇవ్వగలదన్నది వేరే లెక్క. 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం ఉన్న పోర్టు 15.4 వాట్లు ఇస్తే కెమెరా దగ్గరకు చేరేది కనీసం 12.95, 802.3ఏటీ ప్రమాణం అయితే 30కి 25.5. పోర్టు మీద 30 అని ఉంది కదా అని పదహారుతో గుణించకండి, స్పెసిఫికేషన్లలో మొత్తం బడ్జెట్ ఎంతో చూడండి. రాత్రి ఎనిమిది దాటాక పీఓఈ పేజీ తెరిస్తే ఏ పోర్టు ఎంత లాగుతోందో కనబడుతుంది. గేటు కెమెరాకి, క్యాష్ దగ్గర కెమెరాకి హై ప్రయారిటీ పెట్టండి.

బడ్జెట్‌లో చోటుండీ ఒకే కెమెరా పోతుంటే అది కేబుల్ పని. ఆ కేబుల్ కొస ఒకటి కోసి లోపలి తీగను బ్లేడుతో గీకండి. పైన ఎర్రగా ఉండి లోపల వెండిలా తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. డేటా వెళ్తుంది కానీ దూరం పెరిగేకొద్దీ వోల్టేజ్ పడిపోతుంది, రాత్రి బరువు పడగానే కెమెరా రీస్టార్ట్ అవుతుంది. నిఖార్సైన రాగి కేబుల్ తప్ప పీఓఈకి ఇంకేదీ వేయకండి, అది కూడా 100 మీటర్ల లోపే. ఉప్పుగాలి సంగతీ మరవకండి. లాసన్స్ బే వైపు ఒక ఇంటి మేడ మీద కెమెరా వెనక డబ్బా విప్పితే, కనెక్టర్‌లోని ఎనిమిది పిన్నుల్లో మూడు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. లాగితే ప్లాస్టిక్ క్లిప్పు పొడిలా రాలిపోయింది. కెమెరాతో పాటు ఇచ్చే రబ్బరు తొడుగుని బిగించేవాళ్లు తరచూ పెట్టెలోనే వదిలేస్తారు, అది వేయించండి. మేడ మీది కెమెరాలకు పీఓఈ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి దానికి మంచి ఎర్తింగ్ ఇవ్వండి. పిడుగు దగ్గర్లో పడితే ఆ కేబుల్ మీదుగా స్విచ్ మొత్తం పోవచ్చు.

చివరగా లూప్ ప్రివెన్షన్ గానీ ఆర్‌ఎస్‌టీపీ గానీ ఆన్ చేయండి. ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే నెట్‌వర్కులో పెడితే ఏర్పడే లూప్‌ని ఇవి ఆపుతాయి. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఊడ్చేటప్పుడు ఎవరో వేలాడుతున్న కేబుల్ కొసను పక్క సాకెట్లో పెట్టేశారు. స్విచ్ లైట్లన్నీ ఒకే వేగంతో దడదడా కొట్టుకుంటున్నాయి, ఒక్క కంప్యూటర్‌కీ నెట్ లేదు. మీ గదుల్లో ఎవరైనా తెలియక అలా పెడితే ఆ ఒక్క పోర్టే ఆగాలి, మీ ఆఫీసు ఆగకూడదు.

ఫర్మ్‌వేర్ (స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలనుకుంటే హార్డ్‌వేర్ వెర్షన్ స్టిక్కర్ మీద చూసి సరిగ్గా దాని ఫైలే తీసుకోండి, స్విచ్‌ని యూపీఎస్ మీద ఉంచి చేయండి.

స్విచ్ మోడల్ నంబరు, రాత్రి పీఓఈ పేజీలో కనిపించే మొత్తం వాట్లు ఇక్కడ రాయండి. ఏ కెమెరా ఏ పోర్టులో ఉండాలో చూసి చెబుతాను.