ఫ్లషింగ్ కానిదే పంపు వేయకు

తిరుపతి

పాపా,

నెమ్మేలిలో సముద్రపు నీటి ప్లాంటులో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. అదీ ఎనర్జీ రికవరీ విభాగంలోనట! సంతోషం సగం, టెన్షన్ సగం, రాత్రంతా నిద్ర లేదు. కల్యాణి డ్యామ్ ఎండినప్పుడల్లా బిందె పట్టుకుని ట్యాంకర్ వెంట పరిగెత్తిన పిల్లవి, చెన్నైకి నీళ్లిచ్చే పనికి పోతున్నావు.

హెల్మెట్టు, బూట్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు.

నీ చేతికొచ్చే యంత్రం విలువ మాత్రం తెలుసుకో. సముద్రపు నీటిని మెంబ్రేన్, అంటే ఉప్పును ఆపే పొర, గుండా తోయాలంటే 60 బార్ దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు అరవై రెట్లు, ప్రెషర్ కావాలి. నూరు లీటర్లు పంపితే మంచినీళ్లయ్యేది 40, 45 లీటర్లే. మిగిలిన ఉప్పునీరు దాదాపు అంతే ప్రెషర్‌తో బయటికొస్తుంది. ఒకప్పుడు దాన్ని నీటి ధాటికి తిరిగే పెల్టన్ చక్రం మీదికి వదిలి కొంత శక్తి రాబట్టేవాళ్లం. ఇప్పుడు ప్రెషర్ ఎక్స్ఛేంజర్‌లో తిరిగే సిరామిక్ రోటర్, ఆ ఒత్తిడిని కొత్తగా వచ్చే నీటికి నేరుగా అందిస్తుంది. 95 శాతం పైనే దక్కుతుంది. వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు సరిపోతోందంటే దాని పుణ్యమే.

ఇక అసలు మాట. గల్ఫ్‌లో నేను పనిచేసిన ఒక ప్లాంటులో పైపు కోసి వెల్డింగ్ చేశారు. ఊరికి నీళ్లు ఆగాయని పైనుంచి ఒకటే ఫోన్లు. షిఫ్ట్ ఇంజినీరు నీ వయసువాడే. భయపడి, ఫ్లషింగ్ చేయకుండానే, అంటే పైపుల్లోని చెత్తను నీళ్లతో కడిగి బయటికి పంపకుండానే, పంపు వేయించాడు. రోటర్ చుట్టూ ఉండే సందు వెంట్రుకంత కూడా ఉండదు, అందులో నీళ్లే కందెన. వెల్డింగ్‌లో మిగిలిన ఒక స్లాగ్ ముక్క ఇరుక్కుని రోటర్ ఆగిపోయింది. నీళ్లు పారుతూనే ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. రోటర్ ఆగితే ఉప్పునీరే మళ్లీ మెంబ్రేన్లకు పోతుంది కదా, నీళ్లలో ఉప్పెంతుందో చెప్పే కండక్టివిటీ ఎగబాకింది. మీటరు పాడైందనుకున్నారు. చివరికి ఓ ముసలి ఫిట్టర్ స్క్రూడ్రైవర్ మొనను ఒక్కో కేసింగ్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వరసగా వింటూ వచ్చాడు. అన్నీ హోరుమంటున్నాయి, ఒకటి మాత్రం మూగగా ఉంది. విప్పితే సిరామిక్ పగిలి ఉంది. ఫోన్లు చేసినవాళ్లెవరికీ ఏమీ కాలేదు, ఆ పిల్లవాణ్ని మాత్రం ఇంటికి పంపేశారు. సంచి సర్దుకుంటున్న అతని మొహం నాకింకా కళ్లముందే ఉంది.

ముందు తక్కువ ప్రెషర్ నీళ్లు వదులు, గాలంతా పోనీ. తర్వాత బూస్టర్ పంపు, ఆఖరున హై ప్రెషర్ పంపు. ఎవరు గద్దించినా ఈ వరస మార్చకు. "ఫ్లషింగ్ కాలేదు సార్, వేయను" అని మొహం మీదే చెప్పి లాగ్‌బుక్‌లో రాయి. ఎవరైనా గొంతు పెంచితే చాలు తలూపేస్తావు, అదే నా భయం. మీ అమ్మ దగ్గర చూపించే మొండితనంలో సగమైనా అక్కడ చూపించు తల్లీ. పంపు ఆపినా ప్రెషర్ వెంటనే దిగదు, గేజీ సున్నాకు వచ్చేదాకా పైపులు కలిపే కప్లింగ్ మీద చెయ్యి వేయకు.

చేరిన మొదటి సెలవుకే సప్తగిరి ఎక్కి వచ్చెయ్. అత్త సంగటి, ఊరుబిండి చేసి పెడతానంటోంది. తిన్నాక స్టార్టప్ వరసంతా కాగితం చూడకుండా నాకు చెప్పాలి.

మీ మామ